ఎడమకు వాలిన బండి

పెద్దన్న గొంతుక్కూర్చుని, బండి ముందు చక్రానికీ దానిపైన వంగి ఉన్న రేకుకీ మధ్య సందులో చెయ్యి దూర్చి చూశాడు. కుడివైపు పిడికిలి పట్టింది. లేచి, బండి ముందునుంచి చుట్టు తిరిగి వచ్చి, ఎడమవైపు మళ్లీ గొంతుక్కూర్చున్నాడు. ఇక్కడ రెండు వేళ్లు దూరడమే కష్టంగా ఉంది. నిన్నా ఇంతే ఉంది, మొన్నా ఇంతే ఉంది. అయినా లేచిన వెంటనే, మొహమైనా కడుక్కోకుండా వచ్చి చూశాడు, తాను నిద్రలో ఉండగా ఎవరైనా బండిని కదిలించారేమోనని.

ఎవరూ కదిలించలేదు. వెనక టైర్ల కింద రాళ్లు పెట్టినచోటే ఉన్నాయి. రాళ్ల మీదా టైర్ల మీదా కలిపి సుద్దముక్కతో గీసిన గీతలు విడిపోలేదు.

అతనికి యాభై దాటి కొంతకాలమైంది. పొడగరి. ఎండకు కమిలిన మెడ, ముందుకు పొడుచుకొచ్చిన గొంతుముడి, దేన్ని చూసినా సగం మూసుకునే కళ్లు. నారాయణపేట దిక్కునుంచి వచ్చి కొన్నాళ్లు మట్టిపని చేశాడు, కొన్నాళ్లు క్రేన్ దగ్గర ఉన్నాడు, తర్వాత స్టీరింగు పట్టి ఇక వదల్లేదు. మసీదుబండలో కోర్టు తగాదాలో ఉన్న ఒక ఖాళీ ప్లాటుకి కావలిగా, దాని మూలనున్న రేకుల గదిలో భార్య లచ్చమ్మతో కాపురం. ఆ ప్లాటు ఓనరు మనిషిని ఎంచుకోవడంలో పొరపాటు చేయలేదు. రోడ్డున పోయేవాడు చెప్పులో రాయి పడి గేటు ముందు ఆగినా పెద్దన్న బయటికొచ్చి నిలబడతాడు. పడమటి గోడ అవతల అద్దాల టవర్లు పొద్దుటి ఎండను పట్టి ఈ ప్లాటులోకి విసురుతాయి. అందుకని ఇక్కడ పొద్దుపొడుపు రెండు దిక్కులనుంచీ ఉంటుంది.

ఆ టవర్లలోకే అతని బండి పోతుంది. ఆఫీసుల్లో ఏసీ గాలికి వాడిపోయిన కుండీ మొక్కల్ని ఎక్కించుకొచ్చి గోపన్‌పల్లి నర్సరీలో దించడం, అక్కడ కోలుకున్నవాటిని తీసుకుపోయి వాటి చోట పెట్టడం. గేట్ల దగ్గర సెక్యూరిటీవాళ్లు పొడుగు కర్రకు బిగించిన అద్దాన్ని బండి కిందికి తోసి వెతుకుతారు. మిగతా డ్రైవర్లు ఆ తనిఖీకి విసుక్కుంటారు. పెద్దన్నకు మాత్రం ఆ అద్దమంటే గౌరవం. ఈ ఊళ్లో పని పనిలాగా చేసేది వాళ్లొక్కరేనని అతని నమ్మకం. మొన్న ఆ అద్దంలోకి చూసిన గార్డే చెప్పాడు.

"అన్నా, ముందట ఎడమ దిక్కు స్ప్రింగు ఇరిగినట్టున్నది. చూసుకో."

పెద్దన్న కిందికి దూరి చూశాడు. వేలెడు లావు ఇనుప చుట్టల్లో అడుగుది విరిగి, విరిగిన కొస పక్కకు జరిగి, పైచుట్ట మీద ఒరుసుకుంటోంది. ఎలా విరిగిందన్న ఆలోచన అతనికి తర్వాత వచ్చింది. ముందు వచ్చింది, ఎవరి చేతిలో విరిగిందన్నది.

బండి ఇద్దరిది. పొద్దుటిపూట పెద్దన్న తోలతాడు, మధ్యాహ్నం నుంచి సుబ్రహ్మణ్యం తోలతాడు. ఇద్దరూ ఒకే కాంట్రాక్టరు దగ్గర డ్రైవర్లుగా ఉండి, అతను వ్యాపారం ఎత్తేసినప్పుడు ఈ చిన్న ట్రక్కును చెరిసగం వేసుకుని కొన్నారు. సుబ్రహ్మణ్యానిది రామచంద్రపురం వైపు. పొట్టి మనిషి, గుండ్రటి మొహం, రోజూ నున్నగా గీసుకునే గడ్డం, నుదుట సన్నటి విభూతి గీత. పిల్లలు లేరు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో ఒక మేడమీద గదిలో భార్య పుణ్యవతితో ఉంటాడు. పేరు చెబితే ఎవరికీ వెంటనే గుర్తురాని మనిషి. ఎవరితోనైనా మెత్తగా మాట్లాడతాడు. ఇంత మెత్తగా మాట్లాడేవాడు లోపల ఏదో ఒకటి దాచుకోకుండా ఉండడని పెద్దన్న మొదటివారంలోనే తీర్మానించుకున్నాడు. ఇన్నేళ్లుగా దానికోసం వెతుకుతూనే ఉన్నాడు. దొరకలేదు. దొరక్కపోవడం వల్ల అనుమానం తగ్గలేదు, ముదిరింది.

ఈమధ్య మాత్రం కొన్ని ఆనవాళ్లు కనిపించాయి. నడి మధ్యాహ్నం లింగంపల్లి స్టేషన్ రోడ్డులో బండి ఆపి ఉండడం, బత్తాయిలు అమ్మే అతను చూశాడు. "ఎవలతోని మాట్లాడతలేడు. సీట్ల ఊకె కూసున్నడు" అన్నాడు. ఊరికే ఎవడు కూర్చుంటాడు? ఎవరికోసమో చూస్తూ కూర్చున్నాడు. ఫోను మోగితే ఇంతకుముందు పక్కనే నిలబడి మాట్లాడే మనిషి, ఇప్పుడు దూరంగా పోయి మాట్లాడుతున్నాడు. కుండీలు దించేటప్పుడు పెద్దవాటిని వదిలి చిన్నవాటి వైపు చెయ్యి పెడుతున్నాడు. బలం ఇంకెక్కడో ఖర్చు చేస్తున్నాడన్నమాట. మార్బులో, సిమెంటో ఎవరికో తోలుతున్నాడు. ఆ బరువుకే స్ప్రింగు పోయింది. విరిగిన ముక్క చేతికొస్తే అంతా తేలుతుంది. విరుపు కొత్తదైతే లోపలి ఇనుము తెల్లగా మెరుస్తుంది. అందుకే పెద్దన్న ఆదివారం కోసం ఎదురుచూశాడు.

మెకానిక్ దగ్గరికి తీసుకుపోయే ఆలోచన ఇద్దరిలో ఎవరికీ రాలేదు. ఒకప్పుడు బాలానగర్‌లో ఒక షెడ్డులో బండి వదిలితే కొత్త బ్యాటరీ తీసి పాతది పెట్టారని పెద్దన్న అంటాడు. రుజువేమీ లేదు. రుజువు మిగలనివ్వకపోవడమే వాళ్ల పనితనమని అతను అంటాడు. అప్పటినుంచి బ్రేకు దగ్గర్నుంచి క్లచ్చు దాకా అన్నీ ఈ ప్లాటులోనే, వీళ్లిద్దరే.

సుబ్రహ్మణ్యం కొత్త స్ప్రింగులు గోనెసంచిలో వేసుకుని వచ్చాడు. పెద్దన్న గేటులోంచి చూస్తూనే ఉన్నాడు. గల్లీ మొదట్లో ఆటో దిగి, సంచి భుజానికెత్తుకుని నాలుగడుగులు వేసి, దించి, నిలబడ్డాడు. వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశాడు. మళ్లీ ఎత్తుకుని, చింతపండు గోదాము దగ్గర మళ్లీ దించాడు.

"ఆలస్యమైందండీ పెద్దన్న గారూ. ఆటో అతను లోపలికి రానన్నాడు."

"ఎవలికోసం చూసినవ్ ఎన్కకు?"

"ఎవరికోసమూ లేదండి. ఊరికే నిలబడ్డాను."

పెద్దన్న సంచి విప్పి, స్ప్రింగులు రెంటినీ బండపరుపు మీద పక్కపక్కన నిలబెట్టాడు. వంగి, ఒక కన్ను మూసి, రెండూ ఒకే ఎత్తున ఉన్నాయా అని చూశాడు. గోటితో నల్లరంగు గీకి చూశాడు.

"అసలియేనా ఇవి?"

"రాణీగంజ్‌లో మనం ఎప్పుడూ కొనే షాపేనండి."

"గందుకే అడుగుతున్న."

లచ్చమ్మ రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది. ఆమె టవర్లలో ఒకదాంట్లో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. రోజంతా మనుషులు గమనించని మనిషి కావడం వల్ల మనుషుల్ని బాగా గమనిస్తుంది.

"మొకం గట్లున్నదేంది అన్నా? పానం బాగలేదా?"

"బాగానే ఉందమ్మా. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు."

నిద్ర పట్టనివాడికి పట్టకపోవడానికి కారణముంటుంది, అనుకున్నాడు పెద్దన్న.

పని మొదలుపెట్టారు. పానాతో చక్రం నట్లు వదులు చేసి, జాకీతో బండి ముందుభాగం ఎత్తి, చట్రం కింద మొద్దులు దోపారు. చక్రం ఊడదీశారు. షాక్ అబ్జార్బర్ బయటికొచ్చింది. ఇక మిగిలింది స్ప్రింగు. చట్రానికీ కింద ఇనుపచెయ్యికీ మధ్య బండి బరువంతా మింగి ముడుచుకుని కూర్చుని ఉంటుంది. ఆ ఇనుపచెయ్యిని వదిలిస్తే స్ప్రింగు ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఎదురుగా మొహముంటే మొహం మిగలదు. అందుకని ఇనుపచెయ్యి కింద రెండో జాకీ పెట్టి, దాన్ని తల వెంట్రుక మందాన దించుకుంటూ రావాలి. ఒకరు జాకీ దగ్గర, ఒకరు స్ప్రింగు దగ్గర. ఎంత నెమ్మదిగా దించితే అంత మంచిది. పెద్దన్న స్ప్రింగులోంచి ఒక గొలుసు దూర్చి చట్రానికి కట్టాడు. జాకీ సుబ్రహ్మణ్యానికి ఇచ్చాడు.

"నేను చెప్పినంకనే వదులు. జర జర."

"అలాగేనండి."

సుత్తి దెబ్బలకు కీలు ఊడింది. సుబ్రహ్మణ్యం నేలమీద బోర్లా పడుకుని జాకీ మర తిప్పడం మొదలుపెట్టాడు. ఇనుపచెయ్యి నిట్టూరుస్తూ కిందికి దిగుతోంది. పెద్దన్న గడ్డపార కొసతో స్ప్రింగు అడుగును కదుపుతూ, కంటి కొసతో సుబ్రహ్మణ్యం వేళ్లనే చూస్తున్నాడు. ఈ వేళ్లు ఇప్పుడు ఒక్కసారి తిరిగితే చాలు. బండి మొత్తం ఒకడిదే అవుతుంది. ఈ ఆలోచన వచ్చినందుకు అతను సిగ్గుపడలేదు. ఇలాంటి ఆలోచన రానివాళ్లే దెబ్బతింటారని అతని అనుభవం.

జాకీ గభాలున దిగింది.

స్ప్రింగు చప్పుడు చేసుకుంటూ ఎగిరి గొలుసును కొట్టి ఆగిపోయింది. విరిగిన కొస పెద్దన్న చెంపకు బెత్తెడు దూరంలో ఊగింది. అతను తల తిప్పి చూశాడు. సుబ్రహ్మణ్యం కుడిచెయ్యి జాకీ మీద లేదు. ఎడమ భుజాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. మొహమంతా చెమట.

"చెయ్యి జారిందండి. క్షమించండి."

"జారిందా?"

"జారిందండి."

గొలుసు కట్టడమే మంచిదైందనుకున్నాడు పెద్దన్న. స్ప్రింగును బయటికి లాగి, విరిగిన ముక్కను విడిగా తీసి, ఎండకు పట్టి విరుపును చూశాడు.

లోపలి ఇనుము తెల్లగా లేదు. ముప్పావు భాగం ముదురు గోధుమరంగులో తుప్పు పట్టి ఉంది. ఒక అంచున మాత్రం గోరంత మెరుపు. ఆ మెరుపు మొన్నటిది. మిగతా చీలిక ఎప్పటిదో. నీళ్లు తాగి, ఎండిపోయి, మళ్లీ తాగి, ఎన్నో నెలలుగా లోలోపల ముదిరిన చీలిక. పోయిన వానాకాలం కొత్తగూడ చౌరస్తా దగ్గర నీళ్లలో కనిపించని గుంతలో బండి నిండా కుండీలతో దిగబడ్డప్పుడు ఠంగుమన్న చప్పుడు పెద్దన్న చెవులకు వినిపించింది. అప్పుడు స్టీరింగు వెనక ఉన్నది తనే.

అతను ముక్కను తిప్పి, విరుపు నేలకేసి ఉండేట్టుగా సంచిలో పెట్టాడు. తల ఎత్తితే సుబ్రహ్మణ్యం చూస్తూ ఉన్నాడు.

"పాతదైపోయిందండి. ఎప్పటికైనా విరిగేదే" అన్నాడు సుబ్రహ్మణ్యం.

ఇంత సులువుగా వదిలేశాడంటే బదులుగా ఏదో అడగబోతున్నాడని పెద్దన్న జాగ్రత్తపడ్డాడు. సుబ్రహ్మణ్యం ఏమీ అడగలేదు. కొత్త స్ప్రింగు కొసను గాడిలో కూర్చోబెట్టి, రబ్బరు సరిచేసి, జాకీ పిడి పెద్దన్న వైపు జరిపాడు. పెద్దన్నే జాకీ కొట్టాడు. ఇనుపచెయ్యి పైకి లేచి, కొత్త స్ప్రింగును ముడిచి, కీలు రంధ్రంలోకి వచ్చి కూర్చుంది.

చక్రం బిగిస్తుండగా సుబ్రహ్మణ్యం ఫోను మోగింది. అతను లేచి, చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ గోడవారకు నడిచాడు. పెద్దన్న పానా తిప్పడం ఆపి, తిప్పుతున్నట్టే ఉంటూ, చెవి అటు పెట్టాడు.

"ఇవాళ కుదరదే... రేపు పొద్దున్నే వచ్చేస్తానని చెప్పు వాళ్లకి... లేదులే, ఆయనకి తెలీదు."

ఆయనకి తెలీదు. పెద్దన్నకు చాలా రోజుల తర్వాత ఛాతీలో ఏదో కుదురుకున్నట్టయింది. ఇక అన్నీ ఒకదానిలో ఒకటి సరిపోయాయి. లింగంపల్లిలో ఎదురుచూపులు, చాటు మాటలు, తనంతట తాను పోయి మోసుకొచ్చిన స్ప్రింగులు. సగం వాటా ఎవరికో అమ్ముతున్నాడు. బండి వాలి ఉంటే కొనేవాడు వంక పెడతాడు. అందుకే ముందు రిపేరు. రేపు పొద్దున్నే పోయి మాట ఖాయం చేసుకుంటాడు. ఎల్లుండి ఎవడో ముక్కూమొహం తెలియనివాడు వచ్చి, నేనూ ఓనర్నే అంటూ తాళంచెవి అడుగుతాడు.

లచ్చమ్మ అన్నానికి పిలిచింది. రేకుల గది నీడలో కూర్చున్నారు. వేడి అన్నం, పప్పుచారు, వేయించిన కాకరకాయ. సుబ్రహ్మణ్యం కాస్తే పెట్టించుకున్నాడు.

"కొండాపూర్ల మన బండిల ఫ్రిజ్జు, బీరువ పోంగ ఒకలు చూసిన్రు" అన్నాడు పెద్దన్న, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. "మనది మొక్కల బండి గదా. ఫ్రిజ్జెక్కడిది?"

అది ఎవరూ చూడలేదు. ఊరికే విసిరిన రాయి. కాని సుబ్రహ్మణ్యం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"నిజమేనండి. మా ఇంటి ఓనరు ఇల్లు మారుతుంటే ఒక ట్రిప్పు వేశాను. మీకు చెబితే ఒప్పుకోరని చెప్పలేదు. తప్పేనండి."

ఇన్నేళ్లుగా పెద్దన్న ఎదురుచూసిన మాట ఇదే. తీరా దొరికాక దాన్ని ఏం చేయాలో అతనికి తోచలేదు. కాకరకాయ చేదు చేదుగానే ఉంది.

"ఇంకేమున్నది?"

"ఇంకేమీ లేదండి."

"మరి లింగంపల్లి కాడ బండెందుకు ఆపినవ్?"

సుబ్రహ్మణ్యం మంచినీళ్ల గ్లాసు అందుకుని కొంచెం తాగాడు. "అలసటగా ఉండి ఆపానండి."

మొదటి మాట నిజం, రెండోది కాదు. పెద్దన్నకు ఆ తేడా బాగా తెలుసు. ఒక చిన్న నిజాన్ని ముందుపెట్టి దాని వెనక పెద్దదాన్ని దాచాడు. లచ్చమ్మ భర్త వైపు చూసి, "తిననియ్యరాదు మనిషిని" అంది. సుబ్రహ్మణ్యం అప్పటికే చెయ్యి కడుక్కుంటున్నాడు.

కుడివైపు పనికి వచ్చేసరికి సుబ్రహ్మణ్యమే అన్నాడు. "ఈసారి జాకీ మీరు చూడండి. కిందికి నేను దూరతాను."

ఒళ్లు వంచడానికి బద్ధకం, అనుకున్నాడు పెద్దన్న. జాకీ కొట్టాలంటే రెక్కలు అరుగుతాయి, కిందయితే పడుకోవచ్చు. అయినా సరేనన్నాడు. మర తన చేతిలో ఉండడమే మేలు. సుబ్రహ్మణ్యం గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా బండి కిందికి జరిగాడు. పెద్దన్న జాకీని దించాడు. ఎంత నెమ్మదిగా దించాడంటే, టవర్ల మీదినుంచి వచ్చే ఎండ చక్రం అంచునుంచి నేలమీదికి పాకింది. స్ప్రింగు ఏ చప్పుడూ లేకుండా వదులైంది. పిల్లిని ఎత్తినట్టు సుబ్రహ్మణ్యం దాన్ని రెండు చేతులతో తీసి పక్కన పెట్టాడు. కొత్తదాన్ని గాడిలో కూర్చోబెట్టాడు. పైకి ఎత్తాక పెద్దన్న వంగి చూశాడు. వంక పెట్టడానికేమీ కనిపించలేదు. మళ్లీ చూశాడు.

"అయిపోయింది. లే ఇగ."

"లేస్తానండి. కొంచెంసేపు. ఇక్కడ చల్లగా ఉంది."

బండి కింద రెండు పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. పెద్దన్న చక్రం దొర్లించుకొచ్చి, ఎత్తి, నట్లన్నీ ఒక్కడే బిగించాడు. బిగిస్తూ ఆ పాదాలనే చూశాడు. మడమలు వాచి, చీలమండ దగ్గర చర్మం నున్నగా మెరుస్తోంది. మంచి తిండి తింటున్నాడు, ఒళ్లు చేశాడు, అనుకున్నాడు.

బండి దించి, రాళ్లు తీశారు. రెండువైపులా పిడికిలి పట్టింది. పెద్దన్న పట్టి చూశాడు, సుబ్రహ్మణ్యం కూడా వంగి పట్టి చూసి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. స్ప్రింగులు సర్దుకోవాలంటే కాస్త తోలాలి. తాళంచెవి సుబ్రహ్మణ్యం తీసుకున్నాడు. పెద్దన్న ఎడమవైపు ఎక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి, చక్రం చప్పుడు వింటూ కూర్చున్నాడు. బొటానికల్ గార్డెన్ దాకా పోయారు. స్పీడు బ్రేకర్లు వచ్చినచోటల్లా సుబ్రహ్మణ్యం బండిని నీళ్లలోకి పడవ దించినట్టు దించాడు. ఎక్కడా కిర్రుమనలేదు. ఆదివారం కాబట్టి రోడ్లు ఖాళీగా ఉన్నాయి.

"బండి సుఖంగా ఉందండి" అన్నాడు సుబ్రహ్మణ్యం తిరిగి వస్తూ. "ఇంకో ఐదారేళ్లు చూసుకోనక్కర్లేదు మీరు."

మీరు. మనం అనలేదు. పెద్దన్న ఆ మాటను పట్టుకుని లోపల పెట్టుకున్నాడు.

ప్లాటులోకి తెచ్చి ఆపాక సుబ్రహ్మణ్యం ఇంజను కట్టేశాడు కాని దిగలేదు.

"ఒక సోడా దొరుకుతుందేమో చూస్తారా పెద్దన్న గారూ. గ్యాసు పట్టేసినట్టుంది."

తనను ఎందుకు పంపిస్తున్నాడో అర్థం కాకపోయినా పెద్దన్న వెళ్లాడు. గల్లీ చివరి దుకాణంలో సోడా కొని, వెంటనే తిరిగాడు. తాను లేనప్పుడు ఏం చేస్తున్నాడో చూడాలని చివర్లో అడుగులు నెమ్మది చేశాడు. సుబ్రహ్మణ్యం ఏమీ చేయడం లేదు. కిటికీ అంచుకు తల ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఒక చెయ్యి ఒడిలో, ఒక చెయ్యి స్టీరింగు మీద.

పెద్దన్న చుట్టూ చూశాడు. పానాలు, గొలుసు, మొద్దులు, జాకీలు, పాత స్ప్రింగులు ప్లాటంతా పడి ఉన్నాయి. కిరసనాయిలుతో అన్నీ తుడవాలి, లోపల పెట్టాలి, నేలమీది గ్రీజు ఊడ్వాలి. ఇది అతనికి కొత్త ఎత్తేమీ కాదు. పని ఎగ్గొట్టడానికి పడే దొంగనిద్ర. పిలిస్తే ఉలిక్కిపడి, అయ్యో నిద్ర పట్టేసిందండి అంటాడు. పిలవకూడదనుకున్నాడు. ఎంతసేపు నటిస్తాడో చూడాలనుకున్నాడు.

సోడా పక్కన పెట్టి, పానాలను కావాలనే ఒకదానిమీద ఒకటి పడేస్తూ ఏరాడు. గొలుసును బండపరుపు మీద ఈడ్చాడు. "కొందరికి మస్తు నిద్ర పడతది" అన్నాడు వినపడేట్టు. కొంతసేపయ్యాక మళ్లీ, "రేపు పొద్దుగాల్నే యాడికో పోవాల్నట గదా" అన్నాడు. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. అందులో అతనికి ఒక రకమైన మెప్పు కూడా కలిగింది. ఇంత బాగా నటించగలడని అనుకోలేదు. జాకీలు తుడిచాడు. మొద్దులు ఒక్కొక్కటే మోసుకుపోయి గోడకు పేర్చాడు. ఎండ టవర్ల వెనక్కి పోయి, అద్దాల్లో ఎర్రగా కాసేపు నిలిచి, అక్కడినుంచి కూడా పోయింది.

లచ్చమ్మ చాయ్ తెచ్చింది. పెద్దన్నకు ఒక గ్లాసు ఇచ్చి, రెండోది పట్టుకుని బండి దగ్గరికి నడిచింది. కిటికీ దగ్గర ఆగి, "అన్నా" అంది. కాసేపు ఆగి స్టీరింగు మీది చెయ్యి ముట్టుకుంది. ముట్టుకున్న చెయ్యి వెనక్కి తీసుకుని, గ్లాసును నేలమీద పెట్టింది.

"ఓ... జర ఇటు రా" అంది భర్తను, పక్కన ఎవరో పడుకుని ఉన్నట్టు చిన్నగా.

అంబులెన్సు వచ్చింది. వాళ్లు దించారు, చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, అయినా తీసుకుపోయారు. ఆసుపత్రిలో పొడుగు వరండాలో ఒక బెంచీ మీద పుణ్యవతి కూర్చుని ఉంది. సన్నటి మనిషి, భర్తకన్నా పొడుగు. ఏడవడం లేదు. చేతిసంచిలోంచి మంచినీళ్ల సీసా తీసి, మూత తిప్పి, తాగకుండా మళ్లీ మూసింది. పెద్దన్న ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"గ్యాసన్నడమ్మా. సోడా తెమ్మన్నడు" అన్నాడు.

"గ్యాసు కాదండి, గుండె. నెలరోజులుగా తిరుగుతున్నాం ఆసుపత్రి చుట్టూ. నడుస్తుంటే నొప్పి, బండి తోలుతుంటే నొప్పి. మధ్యలో ఆపేసి తగ్గేదాకా కూర్చునేవారట." ఆమె సీసాను సంచిలో పెట్టింది. "ఇవాళే వచ్చి చేరమన్నారండి. రేపు చేరతానన్నారు. ఫోనులో కూడా చెప్పి చూశాను."

"నాకెందుకు జెప్పలే?"

"చెబితే మీరు బండి ఎక్కనివ్వరని. ఇంట్లో కూర్చోబెడతారని."

అది నిజమేనని పెద్దన్నకు తెలుసు.

"ఆ స్ప్రింగులేవో ఇంకెవరైనా వేస్తారు లెండి అన్నాను పొద్దున. లేదే, ఆయన ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వడు, నేను పోకపోతే ఒక్కడే దాని కిందికి దూరతాడు, అన్నారు. చొక్కా వేసుకుని వెళ్లిపోయారు."

పెద్దన్న ఆమె మొహంలోకి చూశాడు. అలవాటు కొద్దీ మాట వెనక ఇంకో మాట ఉందేమోనని వెతికాడు. ఆమె మొహంలో అలసట తప్ప ఏమీ లేదు. అతను తల దించుకుని తన చేతులు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో గ్రీజు నల్లగా ఉంది. అది ఇద్దరిలో ఎవరి చేతినుంచి అంటిందో ఇప్పుడు చెప్పలేడు.

దహనం మర్నాడు జరిగింది. రామచంద్రపురం నుంచి ఒక తమ్ముడు వచ్చి కొరివి పెట్టాడు. నర్సరీ నుంచి ఇద్దరు వచ్చారు. పెద్దన్న పాడె ముందు కొమ్ము పట్టుకున్నాడు. పొడగరి కావడం వల్ల, మిగతావాళ్లతో సమంగా ఉండేందుకు మోకాళ్లు కొంచెం వంచుకుని నడిచాడు.

పెద్దకర్మ అయ్యేదాకా బండి ప్లాటులోనే ఉంది. దాని దగ్గరికి అతను పోలేదు. రాత్రుళ్లు రాళ్లు చూసుకోలేదు. తర్వాత పుణ్యవతే ఫోను చేసింది. "బండి తియ్యండి పెద్దన్న గారూ. ఆగిపోయి ఉంటే పాడైపోతుందనేవారు" అంది.

మర్నాడు పొద్దున్నే అతను తలుపు తీసి ఎక్కబోయాడు. మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకున్నాయి. సీటు ముందుకు జరిపి ఉంది. సుబ్రహ్మణ్యం కాళ్లు పెడళ్లకు అందవు, అందుకని ఎక్కగానే సీటు ముందుకు లాక్కునేవాడు. పెద్దన్న ఎక్కగానే తిట్టుకుంటూ వెనక్కి తోసేవాడు. సీటు మీద పుణ్యవతి పాత చీరతో కుట్టిన దిండు ఉంది. అద్దంలోంచి రోడ్డు కనిపించడానికి సుబ్రహ్మణ్యం దానిమీద కూర్చునేవాడు. రోజూ పొద్దున పెద్దన్న దాన్ని తీసి పక్క సీట్లోకి విసిరేసేవాడు.

అతను సీటు కిందికి చెయ్యి పోనిచ్చి పిడి పట్టుకున్నాడు. లాగలేదు. చెయ్యి బయటికి తీసి, దిండును రెండు చేతులతో పైకెత్తి, దాని కింద ఏముందో చూశాడు. ఏమీ లేదు. మడతల్లో వేళ్లు పెట్టి తడిమాడు. అక్కడా ఏమీ లేదు. అప్పుడు దాన్ని ఎలా ఉన్నదాన్ని అలాగే, అంచులు చూసుకుని మళ్లీ పెట్టి, కిందికి దిగి నిలబడ్డాడు. ఆకుపచ్చ పూలు వెలిసిపోయిన ఆ దిండు, ఒక పొట్టి మనిషి ఇప్పుడే లేచి వెళ్లినట్టు, మధ్యలో గుంట పడి ఉంది.